అడిగి ఉంటే చెప్పేవాణ్ణి

వెర్నా పైబస్ పుట్టి బుద్ధెరిగాక నీళ్ళంటే భయపడిన మనిషి కాదు. టాస్మేనియా తూర్పు తీరంలో, నాన్న పడవలోనే ఆవిడ చిన్నతనం సగం గడిచింది. పెద్దయ్యాక ఆల్చిప్పల షెడ్డులో నిలబడి కత్తితో చిప్పలు విప్పీ విప్పీ అరచేతులనిండా గాట్లు పడ్డాయి. అలాంటి మనిషి ఇప్పుడు గిన్నెలు కడుగుతూ, సింకులో నీళ్ళు గుడగుడమంటే ఉలిక్కిపడుతోంది. ఎవరికైనా చెప్తే నవ్వుతారని చెప్పుకోదు. ఆ నవ్వేవాళ్ళని ఒక్కసారి ఆ బోటెక్కించి పంపితే తెలిసొస్తుంది.

బోటు కొన్నది చలికాలం చివర, షెడ్డు పని మానేశాక. అమ్మినవాడు నెవిల్ క్రోథర్స్, కుర్రతనంలో వెర్నా మొగుడు లెస్‌తో ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆ ఊళ్ళో బోటు బేరమంటే చుట్టూ ఒకసారి తిరిగి చూడటం, ఇంజను స్టార్టు చేయించి వినడం, చేతులు కలపడం. అంతే. తెలిసినవాడి బోటుకి పరీక్ష చేయించడానికి మెకానిక్కుని తీసుకెళ్తే, నువ్వు దొంగవని వాడి మొహం మీద అన్నట్టే. వెర్నా అడగబోయింది కూడా. లెస్ కళ్ళెర్రజేస్తే నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. మింగకుండా ఉంటే ఎంత బాగుండేదో!

తేడా అంతా వెనక పలకలో ఉంది. ఇంజను బిగించేది దానికే. పైన నిగనిగలాడే తెల్లరంగు, లోపల చెక్క నాని కుళ్ళి ముద్దయిపోయింది. చేపలకని రేవు దాటి వెళ్ళిన పొద్దున, లెస్ వేగం పెంచగానే ఫట్‌మని శబ్దం. ఇంజను వెనక్కి వాలింది. పలక మూల చీలి నీళ్ళు లోపలికి దూకాయి.

లెస్‌కి ఈత రాదు. ఆ తీరంలో జాలర్ల ఇళ్ళల్లో పుట్టిన పాతకాలపు మగాళ్ళలో చాలామందికి రాదు, పైగా అదో గొప్పలా చెప్పుకుంటారు, ఏం గొప్పో!

"ముందుకెళ్ళి కూర్చో! కదిలావంటే చంపేస్తా!" అని అరుస్తూ వెర్నా ఇంజను ఆపి, ఐస్‌క్రీం డబ్బాతో నీళ్ళు తోడింది. తోడినకొద్దీ వస్తున్నాయి. చీలమండ దాకా వచ్చాయి, పిక్క దాకా వచ్చాయి. లెస్ ముందు కొసన ముడుచుకు కూర్చుని ఆవిడ మొహం వంకే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కళ్ళల్లో ఆ చూపు వెర్నా ఎన్నడూ చూడలేదు. ఆల్చిప్పల పడవవాళ్ళెవరో చూసి తాడు విసిరారు కాబట్టి సరిపోయింది.

ఒడ్డుకొచ్చాక లెస్ మాట మారిపోయింది. "కాసిన్ని నీళ్ళొచ్చాయి. దానికే మా ఆవిడ గోల" అని ఊళ్ళో నవ్వుతూ చెప్పాడు. వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా నెవిల్ ఇంటికెళ్ళి నిలదీసింది.

"పలక కుళ్ళిందని నీకు తెలుసా తెలీదా?"

"అడిగారా మీరు?" అన్నాడు నెవిల్, గేటు కూడా తీయకుండా. "అడిగి ఉంటే చెప్పేవాణ్ణిగా! ఆ రంగు నేను వేసింది కాదు వెర్నా. నాకు అమ్మినవాడు వేశాడు. నేనూ వాణ్ణి అడగలేదు."

అంటే ఇదివరకే చేతులు మారింది. ఎవడూ అడగలేదు, ఎవడూ చెప్పలేదు. ఇంతవరకూ ఎవరూ చావకపోవడమే వింత.

లైబ్రరీలో ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఉంది, ఫిలిప్పా అని. బోటు ఫొటోలు పట్టుకుని వెర్నా ఆవిడ దగ్గరికెళ్ళింది.

"షాపులో కొని ఉంటే వేరే సంగతి, వాళ్ళకి బాధ్యత ఉంటుంది" అంది ఫిలిప్పా. "మామూలు మనిషి తన వస్తువు అమ్ముకుంటే, కొనేవాళ్ళే చూసుకోవాలి. ఆయన అబద్ధం చెప్పి అమ్మాడా? బోటు గట్టిగా ఉందని నోటితో అన్నాడా, ప్రకటనలో రాశాడా?"

"ఇంజను బాగా నడుస్తుందని రాశాడు."

"నడుస్తోందా?"

"ఇంజనుకేం, దివ్యంగా ఉంది."

ఫిలిప్పా నిట్టూర్చింది. "లోపం తెలిసి దాన్ని కప్పడానికే పుట్టీ పెట్టి రంగేస్తే అది అబద్ధం చెప్పినట్టే లెక్క. కానీ ఆయనే వేశాడని మీరు రుజువు చెయ్యాలి. మెకానిక్కు చేత రాయించండి, డబ్బు వెనక్కిమ్మని ఆయనకి ఉత్తరం పెట్టండి. మధ్యవర్తిని పెట్టుకోవచ్చు. కాదంటే చిన్న దావాల కోర్టుంది. గెలుస్తారని మాత్రం చెప్పలేను."

"ఊరుకోవడం తప్పు కాదా మరి?"

"మామూలుగా అయితే, అడగనిదానికి చెప్పనంత మాత్రాన కోర్టు తప్పు పట్టదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు."

ఆ మాట ఇంటికొచ్చి లెస్‌తో చెప్పడమే వెర్నా చేసిన పొరపాటు.

"అయితే ఇంకేం? మనమూ అమ్మేద్దాం" అన్నాడు లెస్. మర్నాడే ఇంజను మళ్ళీ బిగించి, చీలిక మీద పుట్టీ పట్టించి రంగెయ్యడం మొదలుపెట్టాడు.

"దాచడం కూడా అబద్ధమేనందయ్యా ఆవిడ!"

"దాచట్లేదు, బాగుచేస్తున్నా. ఉన్నదంతా దాంట్లో పోశాం, మర్చిపోయావా? ఎవరైనా వస్తే నోరు మూసుకో, చాలు."

అప్పట్నుంచి వెర్నాకి ఇంకో భయం పట్టుకుంది. ఫోను మోగితే బోటు కోసమేనేమో అని. ఎవరో కొంటారు. ఎవరో పిల్లల్ని ఎక్కించుకుని రేవు దాటి నడిసముద్రంలోకి వెళ్తారు. అక్కడ తాడు విసిరేవాళ్ళు ఉండరు. రేడియోలో ఆ వార్త ఎలా చదువుతారో కూడా ఆవిడకి ముందే వినిపిస్తోంది.

బోటు చూడ్డానికి వచ్చినవాడు మానాసే. టోంగా నుంచి వచ్చి చేపల పెంపకం దగ్గర పనిచేస్తున్నాడు. నిలువెత్తు మనిషి, గొంతు మాత్రం మెత్తన. ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం తెచ్చి రెండు చేతులతో వెర్నాకిచ్చాడు. వ్యానులోంచి వాళ్ళమ్మ చెయ్యి ఊపింది.

"అమ్మ కోసమే ఆంటీ. మా ద్వీపంలో రోజూ గాలం వేసేది. ఇక్కడికొచ్చాక కిటికీ దగ్గర కూర్చుని ఒకటే దిగులు."

బోటు చుట్టూ తిరిగాడు. ఇంజను విన్నాడు. బాగుందన్నాడు. లెస్ చెయ్యి చాపబోతున్నాడు.

"అడగవేం బాబూ?" అంది వెర్నా.

"ఏం అడగాలి ఆంటీ?" మానాసే సిగ్గుపడ్డాడు. "పెద్దవాళ్ళ వస్తువుకి వంకలు పెట్టడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు."

"నీ మర్యాద తగలెయ్యా! ఈ బోటులో తేడా ఏమైనా ఉందా అని అడుగు. అడిగితే అబద్ధం చెప్పకూడదు. అడుగు!"

మానాసే బిత్తరపోయి ఆవిడ వంక చూశాడు. తర్వాత లెస్ వైపు తిరిగాడు. మగవాళ్ళ బేరమని అనుకున్నాడో ఏమో, ఆయన్నే అడిగాడు. "అంకుల్, బోటులో ఏమైనా తేడా ఉందా?"

వెర్నా మొగుడి వంక చూసింది. ఈయన లేదంటాడు. ఎన్నేళ్ళు చూసిన మొహం! తల అడ్డంగా ఊపుతాడు, చేతులు కలుపుతారు, అయిపోతుంది. తను నిజం అరిస్తే ఈ ఇంట్లో ఇక మాటలుండవు. అయినా అరవడానికే ఊపిరి తీసుకుంది.

లెస్ వ్యాను వైపు చూస్తున్నాడు.

"మీ అమ్మకి ఈత వచ్చా?" అన్నాడు.

"రాదంకుల్. ఎప్పుడూ ఒడ్డునే గాలం వేసేది."

"నాకూ రాదు" అన్నాడు లెస్.

షెడ్డులోకెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాడు. తనే పుట్టీ పట్టించి, తనే రంగేసిన చోట మొన పెట్టి నొక్కాడు. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే నల్లటి నీళ్ళు ఆయన చేతి మీదుగా కారాయి. ఆ చెయ్యి వణుకుతోంది. బోటులోకి నీళ్ళొచ్చిన ఆ రోజు నుంచీ వణుకుతూనే ఉందేమో, వెర్నాయే చూసుకోలేదు.