రైట్ అవుట్ దేవదానం సమాధి కోసం చిలుకూరు దాకా

పోయిన వానాకాలంలో మా తాత చనిపోయాడు. పందొమ్మిది వందల యాభైలలో హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఆడినవాడు. రైట్ ఇన్. ఆయన బంతి అందిస్తే అందుకుని లైను వెంట పరుగెత్తే రైట్ అవుట్ పేరు దేవదానం, కోదాడ దగ్గర చిలుకూరు మనిషి. మా తాత ఆట నగరం దాటలేదు కానీ దేవదానం దేశం తరఫున ఓడెక్కి విదేశాలకు వెళ్లి ఆడివచ్చాడు. అదీ ఒట్టి కాళ్లతో, మడమలకు గుడ్డ చుట్టుకుని. జీతం లేని ఆట అది. మ్యాచ్ అయ్యాక చాయ్, రెండు అరటిపళ్లు, ఇంటికి బస్సు చార్జీ. అందుకే తిరిగొచ్చాక లారీ డ్రైవరయ్యాడు. కోదాడ దగ్గర లారీ బోల్తాపడి పోయాడని హైదరాబాద్‌కు కబురొస్తే, జట్టంతా మైదానంలో నిలబడి మౌనం పాటించింది. అప్పటికే ఖననం అయిపోయి ఉంటుందని ఎవరూ బయల్దేరలేదు. "వాడి సమాధి కూడా చూడలేదురా" అని మా తాత చివరి రోజుల్లోనూ అంటుండేవాడు. ఆయన బదులు నేను చూసివద్దామనుకున్నాను.

పొద్దున ఆరింటికి ఎల్బీనగర్‌లో విజయవాడ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రోడ్డు బాగుంటుంది, మూడు గంటల్లోపే సూర్యాపేట. అక్కడ దిగి ఇడ్లీ తిని, బస్టాండు ఎదురుగా ఒక చామంతి దండ కొనుక్కున్నాను. మరో గంటకు కోదాడ. చార్జీలు అన్నీ కలిపి మూడు వందలు దాటాయి. కోదాడ నుంచి చిలుకూరుకు షేర్ ఆటోలు తిరుగుతుంటాయి గానీ, వెంటనే తిరిగిరావాలి కనుక నేను వేరే ఆటో మాట్లాడుకున్నాను. దారంతా కాలువ నీళ్ల పొలాలు. ఎక్కడికని డ్రైవర్ అడిగితే సమాధుల తోటకన్నాను.

చర్చి వెనక సమాధులన్నీ రెండుసార్లు తిరిగి చూశాను. ఆ పేరు లేదు. వాకిలి ఊడుస్తున్న పాస్టరమ్మ దగ్గరికి వెళ్లి, లారీ ప్రమాదంలో పోయిన దేవదానం సమాధి ఎక్కడని అడిగాను. ఆమె చీపురు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"దేవదానం తాత సమాధి ఇక్కడెందుకుంటదండి? మొన్న క్రిస్మస్‌కు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. మిర్యాలగూడలో బిడ్డ దగ్గర ఉంటాడు."

వేరే దేవదానం అయ్యుంటాడన్నాను. బంతి ఆడి విదేశం పోయొచ్చిన దేవదానం ఈ ఊళ్లో ఒక్కడేనని ఆమె చెప్పింది. ఆటో దగ్గరికి ఎలా వచ్చానో గుర్తులేదు. "గట్ల తెల్లవడ్డరేంది సార్, జర నీళ్లు తాగుండ్రి" అని డ్రైవర్ బాటిల్ ఇచ్చాడు. పాస్టరమ్మ మిర్యాలగూడకు ఫోన్ చేసి నేను వస్తున్నానని చెప్పి, నాకు అడ్రస్ ఇచ్చింది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు బస్సులో రెండు గంటలు పట్టింది. ఊరు దగ్గర పడేకొద్దీ రైస్ మిల్లులు, బస్తాల లారీలు. ఆ దారిలో నేను చూసింది తక్కువ. అరవై ఏళ్లకు పైగా మా తాత ఏడ్చింది బతికున్న మనిషి కోసమా అన్నదొక్కటే తల్లో తిరుగుతోంది.

రైల్వే స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు. అరుగు మీద కుర్చీలో తొంభై దాటిన మనిషి. కుడికాలు మోకాలి కింద లేదు. అరవై దాటిన ఆయన బిడ్డ నాగమణి మంచినీళ్లు తెచ్చింది. ఆయన పక్కన ఆడిన రైట్ ఇన్ మనవడినని చెప్పుకున్నాను. నా సంచీలోంచి దండ బయటికి కనిపిస్తోంది. ఎవరికని ఆయన అడిగాడు. నేను దాన్ని సంచీలోకి తోశాను. ఆయనకు అర్థమై నవ్వాడు.

తర్వాత ఆయనే చెప్పాడు. విదేశం వెళ్లిన జట్టుకు ఇచ్చిన నీలం కోటు, ఎదమీద దేశం గుర్తున్నది, ఎప్పుడూ లారీలోనే ఉండేదట. ఆ రోజు తెల్లవారుజామున చలికి, స్టీరింగ్ మీదున్న జోడీ డ్రైవర్ సైదులు ఆ కోటు తొడుక్కున్నాడు. లారీ బోల్తాపడి సైదులు అక్కడికక్కడే పోయాడు. కోటు మీది గుర్తు చూసి, పోయింది ఆటగాడు దేవదానమేనని ఎవరో హైదరాబాద్‌కు చెప్పేశారు. అప్పటికి ఈయన దవాఖానలో తెలివిలేకుండా ఉన్నాడు. లేచేసరికి కాలు లేదు.

బతికున్నానని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సచ్చిన దేవదానమే వాళ్ల యాదిల మంచిగ ఉరుకుతుండె బిడ్డా. గీ ఒంటి కాలోన్ని సూపిచ్చి ఏం జెయ్యాలె?"

గోడ మీద పాత ఫొటో ఉంది, మీసాల యువకుడిది. నాగమణి దాన్ని చూపించింది. "గాయన సైదులు. నన్ను కన్న నాయిన. అప్పుడు నాకు మూడేండ్లు. అప్పటి సంది ఈయనే నాయిన."

దేవదానం పెళ్లి చేసుకోలేదు. ఇక్కడి మిల్లులో కాటా దగ్గర పనికి కుదిరి, సైదులు భార్య ఉన్నన్నాళ్లూ ఆమె ఇంటికి తిండిగింజలు పంపాడు. ఆమె పోయాక పిల్లను తెచ్చుకుని చదివించాడు. నాగమణి దండ తీసుకుని సైదులు ఫొటోకు వేసింది.

ఆట గురించి అడిగితే, విదేశంలో కొట్టిన గోల్ ఒక్కటే చెప్పాడు. మంచులాంటి వాన, కాలివేళ్లు మొద్దుబారాయి. బంతి తగిలినట్టే తెలియలేదట, జనం అరిస్తే తెలిసిందట. అప్పుడు అడిగాడు, మీ తాత ఎట్లున్నడని.

చెప్పాను. పోయిన వానాకాలంలో పోయాడని.

"నేను పోయిన్ననుకోని వాడు అప్పుడే ఏడ్సిండు. ఇగ నా వంతు," అన్నాడు.

సాయంత్రం రైల్లో సికింద్రాబాద్‌కు తిరిగొస్తుంటే మా తాత మీద జాలేసింది, దేవదానం మీద కోపమూ వచ్చింది. ఒక్క మాట పంపి ఉంటే ఇద్దరు ముసలివాళ్లు ఒకే అరుగు మీద కూర్చునేవారు. కానీ ఆ మాట పంపాల్సిన రోజుల్లో ఆయన ముందున్నది తెగిన కాలూ, తండ్రి లేని మూడేళ్ల పిల్లా. మా తాతవాళ్లు మైదానంలో నిలబడి ఏడ్చింది ఒక పరుగు ఆగిపోయిందని. ఆ మనిషి మాత్రం ఆగలేదు.

పాత ఆటగాళ్ల ఊళ్లు చూడాలనుకుని ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక సలహా: సమాధుల తోటకు వెళ్లేముందు ఊళ్లో ఎవరినైనా అడగండి, మనిషి ఉన్నాడా అని.