అది పండుగ సినిమానేనా?

ఉప్పల్‌ల అమ్మోళ్ల ఇంటి నుంచి నాచారంల మా ఇంటికి బండి మీద పావుగంట. ఆ పావుగంట దూరం రావడానికి మా నాన్నకు రెండేండ్లు పట్టింది.

నాది ప్రేమ పెండ్లి. మా ఆయన వాళ్లు క్రైస్తవులు. మామయ్య రైల్వేలో పనిచేసి రిటైరయిండు, వాళ్లది ఒంగోలు దిక్కు. నాన్న జనగామ దిక్కు నుంచి వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీల మిషన్ల మీదనే జీవితం గడిపినోడు. పెండ్లయినంక నాతోని ఫోన్ల మాట్లాడేటోడు గానీ అల్లుని మొహం చూడలేదు. మొన్నటి క్రిస్మస్‌కు మాత్రం అమ్మ ఏం చెప్పి ఒప్పించిందో, ఇద్దరూ వచ్చిన్రు.

వచ్చినప్పటి నుంచి నాన్న తలుపు దగ్గరి కుర్చీల కూసున్నడు. సోఫాల కూసోమంటే "ఇక్కడ గాలి మంచిగొస్తది" అన్నడు. డిసెంబర్ల గాలి ఎవరికి కావాలె? మా ఆయన నీళ్లు తెచ్చిస్తే గ్లాసు అందుకున్నడు, తల మాత్రం ఎత్తలే. నేను వంటింట్ల ఉల్లిగడ్డలు వేయించుతున్న, కండ్లు, చెవులు మాత్రం హాల్లనే ఉన్నయి. ఎవరి నోట ఏ మాట జారుతదో అని ఒకటే భయం.

అన్నానికి ఇంకా టైముంది. మాటలు లేక ఇల్లంత బిగుసుకపోయింది. అది భరించలేక మా మరిది టీవీ పెట్టిండు. "క్రిస్మస్ సినిమా చూద్దాం" అనుకుంట తెలుగుల డబ్బింగ్ చేసిన ఇంగ్లీషు సినిమా ఒకటి వెతికి పెట్టిండు. అంతా మంచు కొండలు. ముసలి డ్రైవర్ ఒకడు మందుల పెట్టె వేసుకొని లారీ నడుపుతుంటడు. కొండ అవతల ఒక చిన్నపాప జ్వరంతోని మంచం పట్టింది. పొద్దు మునిగేలోపు మందు అందకపోతే బతకదు. లారీని దొంగలు తరుముతుంటరు.

అత్తమ్మ కొంచెంసేపు చూసి, "దీంట్లో క్రిస్మస్ ఎక్కడుందిరా?" అన్నది.

"ఇదంతా జరిగేది క్రిస్మస్ రోజేనమ్మా" అన్నడు మరిది.

"అయితే? దసరా రోజు మన వీధి చివర ఆటో బోల్తా పడింది. దాన్ని దసరా ఆటో అంటామా?"

మామయ్య నవ్విండు. చర్చి పాట ఒక్కటన్నా ఉంటే ఒప్పుకుంటానన్నడు. ఏసు పుట్టుక లేనిది అసలు లెక్కలోకే రాదని అత్తమ్మ పట్టు. "అవన్నీ ఎందుకు? మొండివాడు ఒకడు చివరికి మనసు మార్చుకోవాలి. అదుంటే క్రిస్మస్ సినిమానే" అన్నడు మా ఆయన.

నాన్న చటుక్కున తల ఎత్తిండు. మా ఆయన సినిమా గురించే అన్నడు, నాకు తెలుసు. నాన్నకు తెలియాలె గదా. నా చేతిల గంటె ఆగిపోయింది.

"మీరేమంటారు బావగారూ?" అని మామయ్య అడిగిండు.

నాన్న జర ఆలోచించి, "మా దిక్కు గిదంత లేదు బావా. పండుగకు ఏ సిన్మా రిలీజైతే గదే పండుగ సిన్మా. దసరా సిన్మాల కత్తులతోని నరుక్కుంటరు. అండ్ల జమ్మిచెట్టు ఉన్నదా అని ఎవరన్న అడిగిన్రా?" అన్నడు.

అందరూ పక్కున నవ్విన్రు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపుల అత్తమ్మ, "ఇదివరకెప్పుడైనా క్రిస్మస్‌కి ఎవరింటికైనా వెళ్లారా అన్నయ్యగారూ?" అన్నది.

"పిలిస్తే గద పొయ్యేది."

నాన్న మామూలుగనే అన్నడు. అత్తమ్మ మొహం మారింది. "పిలవకపోవడమేంటండీ? పోయినేడు మా వాడు కేకు పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడ్డాడు. మీరు తలుపైనా తీయలేదు."

టీవీల లారీ టైర్లు మంచుల గిర్రున తిరుగుతున్నయి. నాన్న లేచిండు. చెప్పులేసుకొని, "నడువ్" అన్నడు అమ్మతోని.

అమ్మ కదల్లే. "నీ కోపం నువ్వు తీస్కపో. నా బిడ్డ వండింది, నేను తిన్నంకనే వస్త."

మా అమ్మ ఆయన మాటకు అట్ల అడ్డం చెప్పుడు నేను ఎన్నడూ చూడలే. నాన్న బయటికి పోయిండు. నేను స్టవ్ బంద్ చేసి ఎనుకనే ఉరికిన. ఎల్లిపోయిండనే అనుకున్న. లేదు, మెట్ల మీద కూసున్నడు. బండి తాళంచెవి చేతిల పట్టుకొని అటూ ఇటూ తిప్పుతున్నడు.

పక్కన కూసున్న.

"మీ అత్త అన్నది నిజమే బిడ్డా" అన్నడు. "ఆ పొద్దు నేను తలుపు ఎనుకనే నిలబడ్డ. తీద్దామనే అనుకున్న. చెయ్యి లేవలే."

అప్పుడు చూసిన, గడప దగ్గర మా ఆయన నిలబడి ఉన్నడు. విన్నడు. మొహం ఎర్రబడ్డది. ఆ రోజు కేకు డబ్బా వాపస్ తెచ్చి, రెండు రోజులు దాన్ని ముట్టనోడు ఆయన.

"మామయ్యా, లారీ వంతెన మీదికొచ్చింది" అన్నడు. "అది ఊగుతోంది. వచ్చి చూస్తారా?"

నాన్న ఆయన దిక్కు చూసిండు. పెండ్లయినంక అదే మొదటిసారి సక్కగ మొహంల చూసుడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని మెల్లగ లేచిండు.

లోపలికొచ్చి మళ్ల ఆ కుర్చీలనే కూసున్నడు. అత్తమ్మ టీవీ మీది నుంచి చూపు తిప్పలే. వంతెన పలకలు ఒక్కొక్కటే ఊడి లోయల పడుతున్నయి. నాన్న కుర్చీ అంచుకు జరిగిండు.

"గా పాప బతుకుతదా?" అని అడిగిండు. అడిగింది అల్లుణ్ణి.

మా ఆయనకు ఆ సినిమా కంఠతా వచ్చు. అయినా, "చూద్దాం మామయ్యా" అన్నడు.

పాప బతికింది. అత్తమ్మ ముక్కు చీదుకుంట, "ఎన్ని చెప్పినా ఇది క్రిస్మస్ సినిమా కాదు" అన్నది. లేచి నాన్నకు మొదట వడ్డించింది. ఆమె ప్రార్థన చేస్తుంటే నాన్న కండ్లు మూయలే. కానీ ఆమె ఆమేన్ అనే దాకా అన్నంల చెయ్యి పెట్టలే.

పోయేటప్పుడు మామయ్యకే చెప్పిండు పోయొస్తమని. మా ఆయనతోని మళ్ల మాట్లాడలే. తెల్లారి అమ్మకు ఫోన్ చేసి, ఇంటికి పోయినంక ఏమన్నడని అడిగిన.

"తొవ్వ పొడుగూత గా సిన్మా సంగతే చెప్పిండు" అన్నది అమ్మ. "నీ మొగని ముచ్చట ఒక్కటి తియ్యలే. తిట్టలే గూడ."