మూరెడు కుట్టు

నాకు పద్నాలుగేళ్ళప్పుడు నా ట్రంకుపెట్టె మూత లోపలివైపు ముగ్గురు మగవాళ్ళ బొమ్మలుండేవి. ముగ్గురూ దొరలే, జర్మనీ యుద్ధంలో విమానాలు నడిపినవాళ్ళు. మిషను బంగళాలో పాత పత్రికలు పారేస్తుంటే ఏరుకొచ్చి అన్నం మెతుకులతో అంటించుకున్నాను. తోలు టోపీ, నుదుటి మీదికి నెట్టుకున్న కళ్ళద్దాలు, మెడకు తెల్లటి గుడ్డ. వాళ్ళ వెనక రెండు వరసల రెక్కల విమానం. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా మా అమ్మ తిట్టేది.

"పెళ్ళి కావలసిన పిల్ల పెట్టెలో ఈ మొహాలేంటే? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

ఎవరేమనుకున్నా నాకు పట్టేది కాదు. యుద్ధం అయిపోయి పదేళ్ళు దాటింది, ఆ విమానాలు ఎక్కడో తుక్కు కింద పోయి ఉంటాయి, అయినా నాకు వాటి పిచ్చి వదల్లేదు. నేను అసలే ఒకచోట నిలవని మనిషిని. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ కాలివేళ్ళు ఆడిస్తూనే ఉండేదాన్ని. ఏలూరు కాలువ గట్టున నిలబడి పడవలను చూస్తే ఏడుపొచ్చేది. అవి వెళ్ళిపోతున్నాయి, నేను మాత్రం ఇక్కడే ఉండిపోతున్నానని. నేల వదిలి లేచిపోయిన ఆ ముగ్గురి మీదా నాకున్నది ప్రేమ అనుకునేది అమ్మ. నిజానికి అది అసూయ.

పైగా ఆ విమానాలను చేత్తో తాకిన మనిషి మా ఇంట్లోనే ఉన్నారు.

మా నాన్నది కొల్లేటి లంక ఊరు. తాతల నాటి నుంచీ పడవలకు తెరచాపలు కుట్టే ఇల్లు. యుద్ధం రోజుల్లో కుట్టుపని వచ్చినవాళ్ళు కావాలని పాస్టరుగారు చెబితే పేరిచ్చి, అమ్మనూ ఏడాది పిల్లనైన నన్నూ వదిలి సముద్రం దాటి ఇరాకులోని బస్రా వెళ్ళారు. అక్కడ మూడేళ్ళు యుద్ధవిమానాల రెక్కలు కుట్టారు. విమానం రెక్కంటే ఇనుమేమో అనుకుంటాం. కర్ర పక్కటెముకల మీద నార గుడ్డ పరిచి, కుట్టి, ఘాటు వాసన వేసే మందు పూస్తారట. ఆరేసరికి అది తప్పెటలా బిగుసుకుంటుంది. మనిషిని గాలిలో మోసేది ఆ గుడ్డే. ఆ మాట మొదటిసారి విన్న రోజు నేను దుప్పటి అంచు పట్టుకుని లాగి లాగి చూశాను.

నాన్న విమానాల గురించి ఎంతసేపైనా చెప్పేవారు. ఒక్క విమానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయేవారు. దాన్ని నడిపే కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా లేవట. మీసం రావడం కోసం రోజూ అద్దంలో చూసుకునేవాడట. అందరూ దర్జీలను కేకేసి పిలిస్తే అతనొక్కడూ దగ్గరికొచ్చి, రెక్క మీద వేళ్ళతో వాయించి, బిస్కెట్టు చేతిలో పెట్టి పోయేవాడట. "తర్వాత?" అంటే, "తర్వాతేముందమ్మా, యుద్ధం" అని లేచిపోయేవారు.

ఒక సాయంత్రం నేను మరీ వేధిస్తే చెప్పేశారు. రెక్కకు వేసే ప్రతి కుట్టుకూ విడిగా ముడి వేయాలి. ఒక కుట్టు తెగినా పక్కది పట్టుకుని ఉండాలని. తెరచాపకు అలా కాదు. గాలి కొట్టినప్పుడు కుట్టు కాస్త సాగాలి, లేకపోతే గుడ్డే చిరిగిపోతుంది. అందుకని ముడి లేకుండా పొడుగ్గా లాగి కుడతారు. ఒక ఉదయం ఆ కుర్రాడి రెక్క బాగుచేస్తుండగా విమానం వెంటనే పైకి లేవాలని పై అధికారుల ఆర్డరు వచ్చింది. అతను పక్కనే నిలబడి గ్లవుజులు తొడుక్కుంటున్నాడు. ఇంక మూరెడే మిగిలింది. నాన్న చెయ్యి తనంతట తాను కొల్లేటి కుట్టులోకి వెళ్ళిపోయింది. ఆ మూరెడూ తెరచాప కుట్టినట్టు ముడి లేకుండా లాగేశారు. మీద మందు పూస్తే ఏ కుట్టు ఎలా వేసిందీ కనపడదు.

ఆ విమానం తిరిగి రాలేదు.

"తుపాకీ గుండు తగిలిందేమో నాన్నా. ఇంజన్ చెడిందేమో."

"అయుండొచ్చమ్మా. ఎవరూ నన్నేమీ అడగలేదు. అడిగుంటే చెప్పేసేవాణ్ణి."

అప్పటినుంచీ ఆయనకు ముడి వేయకుండా కుట్టడం చేతకాలేదు. నా పరికిణీలకు, పరుపులకు, ఆఖరికి దిండు గలీబులకు కూడా కుట్టు కుట్టుకూ ముడే. పొట్టయిన బట్టలు విప్పి పెద్దవి చేద్దామంటే అమ్మకు తాతలు దిగివచ్చేవారు. తెరచాపలకూ అలాగే ముడులు వేస్తే ఒక్క గాలివానకు గుడ్డ నిలువునా చిరిగిపోయేది. పడవలవాళ్ళు మర్యాదగానే మానుకున్నారు. ఇక నాన్న డేరాలూ, బడిసంచులూ కుట్టుకుంటూ ఉండిపోయారు. నేను ఆయన్ని చూసి జాలిపడాల్సింది. కానీ నాకు కోపం వచ్చేది. జరిగిందో లేదో తెలియని దానికి ఇన్నేళ్ళు ఎలా కూలబడతారు? ఎవరినన్నా అడిగి తేల్చుకోవచ్చు కదా?

నాకు ఇరవై ఏళ్ళు వచ్చి, మిషను ఆడపిల్లల బడిలో చిన్న టీచరుగా చేరిన ఏడాది వేసవి సెలవులకు ముందు ఒక కరపత్రం చేతికొచ్చింది. యుద్ధంలో పోరాడిన విమానం తాడేపల్లిగూడెం దగ్గర కోతలైన చేలో దిగుతుందని, దాన్ని నడిపే దొర యుద్ధంలో పైలటేనని, కావలసినవాళ్ళను పైకి తీసుకెళ్ళి చూపిస్తాడని. కడుపునొప్పి అని బడికి సెలవు చీటీ పంపించి నాన్న దగ్గరికి పరుగెత్తాను.

"ఆయన్ని అడుగుదాం నాన్నా. ముడి లేకపోతే రెక్క ఊడుతుందో లేదో ఆయనకు తెలీదా?"

"ఎందుకమ్మా ఇప్పుడు," అన్నారు. కానీ ఉతికిన చొక్కా తొడుక్కున్నారు. ఆయన కోసమే వెళుతున్నామని నేను గట్టిగా నమ్మాను. నా కోసం కూడా అని రైలు దెందులూరు దాటాక ఒప్పుకున్నాను. కిటికీ దగ్గర కూర్చోలేక గూడెం వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

చేలో తిరణాలలా ఉంది. నల్లజర్ల వైపు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు, ముదినేపల్లి నుంచి కూడా వచ్చారట. తాడు కట్టిన అవతల విమానం. నేననుకున్నదాంట్లో సగం లేదు. ఒళ్ళంతా మాసికలు. వెనక సీటు చుట్టూ తుపాకీ బిగించే ఇనుప చక్రం మాత్రం మిగిలింది, తుపాకీ లేదు. పైలట్ దొరకు బట్టతల, కాస్త పొట్ట. నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది. అంతలో ఆయన తోలు టోపీ పెట్టుకుని ఇంజన్ వేయించాడు. పొలంలో గడ్డిపోచలన్నీ ఒక్కసారి వెనక్కి వాలిపోయాయి. ఆయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వాడు. చేలో ఉన్న ముసలీ ముతకా అంతా నోళ్ళు తెరిచి నిలబడ్డారు. పెట్టె మూతలో ఉన్న ముగ్గురిలా లేకపోతేనేం, ఈయన బట్టతలా, పొట్టా ఇప్పుడు నాకెందుకు? ఆ మనిషి పైకి వెళ్ళి తిరిగి వచ్చినవాడు, అది చాలు. నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని తాడుకు చాలా దూరంగా నిలబడిపోయారు.

ఆ చప్పుడుకు ఎవరిదో గేదె బెదిరి తాడు తెంపుకుంది. జనం పక్కకు తప్పుకునేలోపే తల వంచుకుని విమానం మీదికి పోయి కింది రెక్కలో కొమ్ము దింపింది. గుడ్డ చిరిగిన చప్పుడు ఇంజన్ చప్పుడులోంచి కూడా వినిపించింది. దొర ఇంజన్ ఆపి దిగి, తన భాషలో గేదెను నానా మాటలూ అన్నాడు. ఆయన మెకానిక్కు జ్వరం వచ్చి వెనక ఊళ్ళో ఉండిపోయాడట. సూది, దారం, గుడ్డ, మందు అన్నీ పెట్టెలో ఉన్నాయి, కుట్టే చెయ్యి లేదు. ఇక్కడ దర్జీ ఎవరైనా ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను చెయ్యెత్తాను. మా నాన్న యుద్ధంలో ఇవే కుట్టారని ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. నాన్న నా వైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

దొర వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. నాన్న రెక్క కింద చతికిలబడ్డారు. మొదట వేలితో రెక్కను తట్టి, చెవి దగ్గరగా ఆనించి విన్నారు. తర్వాత సూది తీసుకున్నారు. ఒక కుట్టు, ఒక ముడి. ఇంకో కుట్టు, ఇంకో ముడి. ఎండ నెత్తి మీదికొచ్చింది. జనం విసుక్కోవడం మొదలుపెట్టారు.

"ఏవండీ మేస్త్రీగారూ, ఇయ్యాళ ఎగురుద్దాండీ ఇది?"

"మీరు కుట్టేది పెళ్ళికూతురి రవికాండీ? అంత సోకెందుకండీ?"

నాన్న తల ఎత్తలేదు. నేను అటూ ఇటూ తిరుగుతున్నాను, కూర్చోలేను, ఆయన్ని తొందరపెట్టలేను. చివరి కుట్టు దగ్గర ఆయనే సన్నగా అన్నారు:

"అడుగమ్మా."

నేను దొరను అడిగాను. ఎవరి రెక్కో చెప్పలేదు. రెక్క మీద మూరెడు మేర ముడులు లేకపోతే ఏమవుతుందని మాత్రమే అడిగాను. దొర నా వైపూ నాన్న వైపూ చూశాడు. సిగరెట్టు తీసి, మందు వాసన గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఊడిపోవచ్చు, ఊడకపోవచ్చు అన్నాడు. మాలో చాలామంది పడిపోయారు, ఎవరు ఎందుకు పడిపోయారో మాకే తెలియదు, అన్నాడు. ఉన్నదున్నట్టు నాన్నకు చెప్పాను.

"ఊడిపోవచ్చన్నారా?" అని అడిగారు నాన్న. 

"ఊడకపోవచ్చని కూడా అన్నారు నాన్నా."

ఆ రెండో మాట ఆయన చెవికెక్కలేదు.

మందు ఆరాక దొర రెక్కను తట్టి చూసి, నాన్న భుజం చరిచాడు. మొదటి సవారీ మీ అమ్మాయిదే, అన్నాడు. నాన్న సూది ఇంకా చేత్తోనే పట్టుకుని నా దారికి అడ్డం వచ్చారు.

"వద్దమ్మా. ఇది నేను కుట్టింది."

"మీరు కుట్టిందని నేనే భయపడితే ఇంకెవరెక్కుతారు నాన్నా?"

ఎంత మంచి మాటన్నానని నాకే అనిపించింది. నేను క్షేమంగా దిగితే ఆయన ఇన్నేళ్ళ బాధ తీరిపోతుందని లెక్క వేసుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆయన ఎంత బతిమాలినా ఆ రోజు నేను ఎక్కకుండా ఉండేదాన్ని కాదు, అది కూడా నిజం. పైట నడుముకు చుట్టుకుని, తుపాకీవాడు కూర్చునే సీట్లో కూర్చున్నాను.

విమానం నేల వదిలింది. రైలు పట్టాలు, కాలువలు, తాటితోపులు కిందికి కుంగిపోయాయి. దూరంగా ఎండలో తళతళలాడేది కొల్లేరని దొర చెయ్యి చూపించాడు. చిన్నప్పటినుంచీ నేను కలవరించిన ఆకాశం నా చుట్టూ ఉంది. నేను దాన్ని చూడలేదు. కింది రెక్క మీద కొత్త మాసిక మెరుస్తోంది. గాలికి అది కొట్టుకుంటోందా, నా కళ్ళు అదురుతున్నాయా తెలియడం లేదు. పైన ఉన్నంతసేపూ ఆ మాసికనే చూస్తూ కూర్చున్నాను. నాన్న ఇన్నేళ్ళుగా ఎక్కడ బతుకుతున్నారో అప్పుడు తెలిసింది. దింపేయమని అరిచాను. ఇంజన్ మోతలో దొరకు వినపడలేదు.

చక్రాలు నేల తాకేసరికి నా చెవులు పనిచేయడం లేదు. జడ ఊడిపోయింది. ఇనుప చక్రం పట్టుకుని దిగాను. నాన్న పరుగెత్తుకొచ్చారు, నన్ను దాటుకుని రెక్క దగ్గరికి. వంగి ఆ చివర నుంచి ఈ చివరకు కుట్టు మీద బొటనవేలితో రాసి చూశారు. మళ్ళీ ఒకసారి రాశారు. నాకు ఉక్రోషం వచ్చింది.

"నాన్నా, ఇదిగో వచ్చేశాను. చూశారా? మీ కుట్టు నిలిచింది!" అని అరిచాను. 

అప్పుడు నా తల మీద చెయ్యి వేశారు. కళ్ళ నిండా నీళ్ళు. ఆయన గుండె మీద బరువు దిగిపోయిందనుకున్నాను. దింపింది నేనేనని గర్వపడ్డాను కూడా.

"నిలిచిందమ్మా," అన్నారు. "ముడి వేస్తే నిలుస్తుంది."

మళ్ళీ రెక్క వైపు తిరిగారు.

"ఆ అబ్బాయిక్కూడా వేసుంటే, వచ్చేసేవాడు."