వియ్యంకుడి ఇంటిపేరు

కాబోయే వియ్యంకుడి ఇంటిపేరుకు అర్థమేమిటో కనుక్కోమని షాంటిలీ నుంచి మా వదిన ఫోన్ మీద ఫోన్. మా ఆయన పోయారు కాబట్టి అమ్మాయి పెళ్ళిలో పీటల మీద కూర్చుని కన్యాదానం చేయవలసింది ఆయన అక్కాబావలే. "ఎలాంటి వంశమో తెలియకుండా ఎలా కూర్చుంటామే?" అంటుంది వదిన. కూర్చోనంటే నేనింక ఎవరి కాళ్ళు పట్టుకోను? నిజంగా విసిగిపోయాను.

ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ లాప్‌టాప్ ముందు కూలబడేదాన్ని. స్మిత్ అంటే కమ్మరి, మిల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, టేలర్ సరేసరి. అలాంటి పేరైతే ఏదో చెప్పి గట్టెక్కేదాన్ని. వీళ్ళది ఇటలీ పేరు. కన్నవాళ్ళు వదిలేసి పోయిన పసిపిల్లలకు అనాథాశ్రమాల్లో పెట్టే పేరట. ఇది వదినకు చెప్పాలా, నా తలకాయ!

నేను నోరు విప్పకముందే వదిన అల్ఫారెట్టాలో మా ఇంట్లో దిగింది. ఆదివారం వియ్యంకుడిని భోజనానికి పిలిచాను. ఆయన పప్పన్నం కలుపుకుంటున్నాడో లేదో, "ఆయన్నే అడుగు" అంది వదిన. తన ఇంగ్లిష్ అంతంత మాత్రం.

"అత్తా, ప్లీజ్, ఇప్పుడొద్దు" అంది మా అమ్మాయి. ముఖం పాలిపోయింది. దాటవేసే ఓపిక నాకు లేదు. అడిగేశాను.

ఆయన దాచలేదు. వాళ్ళ ముత్తాతను పసిగుడ్డుగా ఎవరో చర్చి మెట్ల మీద వదిలి వెళ్ళారట. అమెరికా వచ్చాక పేరు మార్చుకోమని ఎవరెంత చెప్పినా ఆ ముత్తాత వినలేదట. అదే ఇంటిపేరున్నవాడు ఎక్కడ కనిపించినా ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టేవాడట, ఏమో, తోడబుట్టినవాడేమోనని.

"ఏమంటున్నాడే?" అంది వదిన. అబద్ధమాడే శక్తి కూడా లేక ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మాయి కంచంలోంచి తలెత్తలేదు.

వదిన లేచి నెయ్యి గిన్నె అందుకుంది. "ఇంకాస్త వేసుకోండి, అన్నయ్యగారూ" అంటూ ఆయన అన్నంలో వంచింది.

"వాట్ డిడ్ షి సే?" అన్నాడాయన. వియ్యంకుణ్ణి అలా పిలవడం మాకు మామూలే. నేను ఆ మాట చెప్పబోయేలోగా, "షి కాల్డ్ యు హర్ బిగ్ బ్రదర్" అని అమ్మాయే చెప్పింది.

ఆయన చెంచా పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. నేనైతే ఏడ్చేశాను.

"పెళ్ళింట్లో ఆ ఏడుపులేమిటే?" అని కసిరింది వదిన. "పీటల మీదకి నేను ఏ చీర కట్టుకోవాలో అది చెప్పు ముందు."