తోలా, ఫైబరా

ఇనుప గనుల ఊరు బచేలిలో మా క్వార్టర్ల ఆంధ్రావాళ్ళం శనివారం సాయంత్రం భజనకు చేరేవాళ్ళం. రేకుల షెడ్డు, గోడకు రాముడి పటం, కింద చాపలు. హార్మోనియం మా వీధి చివరి బాబాయ్‌ది. సొంత బాబాయ్ కాదు, నాన్నతో కలిసి గనిలో పనిచేసినాయన. డోలక్ నాన్నది. నాన్న రిటైరయ్యాక అమ్మానాన్నలు మా ఆయనకిచ్చిన క్వార్టర్‌లో మాతోనే ఉండేవారు. నేను చేతితాళాలు వేసేదాన్ని, అమ్మ పక్కన కూర్చుని పాడేది.

నాన్న డోలక్‌కి రెండువైపులా మేకతోలే. వానాకాలం వస్తే అది తడిగుడ్డలా వదులైపోయేది. భజన మొదలవడానికి ముందు నాన్న దాన్ని కుంపటి దగ్గర పెట్టి, అటూ ఇటూ తిప్పి కాచేవాడు. కొట్టి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ కాచేవాడు. అందరూ ఆవలిస్తూ కూర్చునేవాళ్ళు.

ఒకసారి జోరువానలో బాబాయ్ జగదల్‌పూర్ నుంచి కొత్త డోలక్ తెచ్చాడు. తోలుకి బదులు తెల్లటి ఫైబర్, తాళ్ళకి బదులు నట్లూ బోల్టులూ. పానాతో ఓ తిప్పు తిప్పితే చాలు, శ్రుతి కుదురుతుంది. వానైనా ఎండైనా దానికొకటే.

నాన్న దానిమీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు.

"శవం మీద చెయ్యేసినట్టుందిరా. చర్మం అంటే చేతికి బదులివ్వాలి."

"చేతికి కాదు గురువుగారూ, చెవికి బాగుండాలి," అన్నాడు బాబాయ్. నలుగురిలో ఉన్నప్పుడు నాన్నని గురువుగారూ అని పిలవడం ఆయనకు సరదా.

"చెవికీ బాగుండదు. కళ్ళు మూసుకుని చెబుతాను, ఏది తోలో ఏది ప్లాస్టికో."

ఆ మాట నాన్నే అన్నాడు. బాబాయ్ దాన్ని వదల్లేదు. భుజం మీద కండువా తీసి నాన్న కళ్ళకు కట్టేశాడు. గ్యారేజీలో పనిచేసే ఒకాయనకు డోలక్ వచ్చు. రెండు డోలక్‌లూ పట్టుకుని షెడ్డు అవతలి మూల కూర్చోమన్నాడు ఆయన్ని.

ఆయన ముందు ఫైబర్ వాయించాడు.

"తోలు," అన్నాడు నాన్న తడుముకోకుండా.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత తోలు వాయించాడు. నాన్న మెడ ముందుకు చాచి విన్నాడు. "ఇది ప్లాస్టిక్. డొల్ల మోత."

నాన్న చెవులు మందగించాయని ఇంట్లో మాకు తెలుసు. తాతయ్యకీ ఆ వయసులో అలాగే అయిందట. నాన్న మాత్రం, ఈ రోజుల్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరని విసుక్కునేవాడు. షెడ్డులో వాళ్ళందరికీ అప్పుడే అర్థమైంది. నాన్న ఇన్నాళ్ళూ వింటూ వాయించలేదు. అరచేతికింద తోలు అదిరే అదురే ఆయనకి తాళం.

అక్కడితో ఆపితే పోయేది. బాబాయ్ పెదాల మీద వేలు పెట్టి అందర్నీ ఊరుకోమన్నాడు. కొట్టకుండా గాల్లో చేతులు ఆడించమని గ్యారేజీ ఆయనకు సైగ చేశాడు. ఆయన ఆడించాడు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇదేంటో చెప్పండి గురువుగారూ!" అని నాన్న చెవి దగ్గర అరిచాడు బాబాయ్.

నాన్న నుదురు ముడిచాడు. నోరు కొంచెం తెరిచి, తల పక్కకు వాల్చి, చాలాసేపు విన్నాడు.

"తోలే," అన్నాడు. "ఎంత కమ్మగా ఉందో!"

బాబాయ్ కండువా విప్పాడు. "కరెక్ట్!" అని నాన్న చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. "చెప్పానా!" అన్నాడు నావైపు చూసి.

ఇంటికెళ్ళే దారంతా అదే కబురు. గొడుగు కింద అమ్మకి ఒకటే చెబుతున్నాడు, తోలు గొప్పతనం, తన చెవి గొప్పతనం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అమ్మ తిరిగింది.

"మీకు చెవుడండీ," అంది, ఆయనకి వినబడేంత గట్టిగా. "అక్కడ ఎవరూ ఏమీ వాయించలేదు. ఉత్తి చేతులు ఆడించారు. అందరూ నవ్వింది మిమ్మల్ని చూసే."

నాన్న నావైపు చూశాడు. నేను కాదనలేదు. తడి గొడుగు మడిచి మూల పెట్టి, వెళ్ళి పడుకున్నాడు. అన్నం తినలేదు.

పై శనివారం ఎవరూ పిలవకపోయినా వెళ్ళాడు. వెళ్ళి ఫైబర్ డోలకే ముందేసుకున్నాడు. మొదటి చరణం దాటగానే తాళం తప్పింది. బాబాయ్ నోటివైపు చూస్తూ అందుకోబోయాడు, ఇంకా తప్పింది. బాబాయ్ హార్మోనియం ఆపేశాడు.

"వద్దులెండి. మీరు చప్పట్లు కొట్టండి చాలు."

నాన్న డోలక్ పక్కకు జరిపి చప్పట్లు కొట్టాడు. ఆ వానాకాలమంతా కొట్టాడు. అవీ తాళంలో పడేవి కావు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తలలు దించుకుని నవ్వు ఆపుకునేవాళ్ళు. నేను తాళాలు వేస్తూనే ఉన్నాను.

చలికాలంలో చెవి మిషన్ పెట్టించాం. అది పెట్టుకుని మొదటిసారి భజనకి వచ్చినప్పుడు నాన్న ఫైబర్ డోలక్‌ని చాలాసేపు విన్నాడు. ఇంటికొస్తూ, "బాగానే ఉందే," అన్నాడు. కొంతదూరం నడిచాక, "మీ అమ్మ చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు.

తర్వాత వెళ్ళడం మానేశాడు. బాబాయ్ అప్పుడప్పుడూ చూడ్డానికి వస్తాడు. గేటు తీసిన చప్పుడు వినగానే నాన్న మిషన్ తీసి జేబులో వేసుకుంటాడు. బాబాయ్ చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తాడు, చేతులు తిప్పుతాడు, చివరికి అలిసిపోయి టీ తాగి వెళ్ళిపోతాడు. నాన్న కుర్చీలోంచి లేవడు.