అయిదో నెల దాకా ఆగని దేముడమ్మ

మా పక్కింటి దేముడమ్మకి కృతజ్ఞత చెప్పుకోవడం ఒక జబ్బు. ఇలా అనొచ్చో లేదో నాకు తెలీదు గానీ, డుంబ్రిగుడ సంతవీధిలో ఆవిడ గోడకి గోడ ఆనుకుని ఇన్నేళ్ళు కాపరం చేసినదాన్ని. నేను కాకపోతే ఇంకెవరంటారు?

వాన పడితే స్తోత్రం. వాన తెరిపిస్తే స్తోత్రం. కరెంటు పోయిందనుకోండి, అది తిరిగొచ్చినందుకు ఒకటి, చీకట్లో పొయ్యి మీద అన్నం మాడనందుకు ఇంకొకటి. కంచం ముందు కూచుని కళ్ళు మూసుకుందంటే వరి ఊడ్చినవాళ్ళ దగ్గర్నించి పొయ్యిలో కట్టె దాకా అన్నిటినీ పేరుపేరునా తలుచుకోవాలి. ఒకసారి వాళ్ళింట్లో భోజనానికి కూచున్నాను. ఆవిడ ప్రార్థన అయ్యేసరికి కోడికూర మీద నూనె పేరుకుపోయింది. నేను ఒక కన్ను తెరిచి చూస్తే ఆవిడింకా అల్లం పండించినవాళ్ళ దగ్గరే ఉంది.

ఇంట్లో చెప్పుకుంటే నాకేం ఇబ్బంది? వాళ్ళ రేకుల మందిరం మా కిరాణా కొట్టుకి సరిగ్గా ఎదురు. దాని మైకు మూతి మా కొట్టు వైపే. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలంటారు. ఆ వారం దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పి కూచోవాలి. అందరికీ నాలుగు మాటలే. మైకు దేముడమ్మ చేతికి వెళ్ళిందంటే మాత్రం పాస్టరమ్మగారు కూడా గోడకి జారబడి కూచుంటారు.

ఓ ఆదివారం ఆ మైకులో నా మోకాలి నొప్పి తగ్గిందని స్తోత్రం చెప్పేసింది. తగ్గలేదు. మర్నాడు సంత. కొండల మీంచి దిగిన ప్రతివాళ్ళూ, మోకాలు బాగైందంట కదా సావుకారమ్మా అంటూ పై అరలో ఉన్న డబ్బాలే అడిగారు. రోజంతా బల్ల ఎక్కడం, దిగడం. సాయంత్రం కుంటుకుంటూ వెళ్ళి నిలదీస్తే ఆవిడ నా కాలు తడిమి చూసింది.

"తగ్గనేదా? అయితే నేను ముందే సెప్పేసేను. ఏటీ అనుకోకు, తగ్గిపోద్దిలే" అంది.

ఇలాంటిదాన్ని తిట్టడానికి నోరెలా వస్తుంది చెప్పండి. ఊరంతటి పిల్లలకీ బళ్ళో మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. ఎసరు పెట్టాక పిల్లలెవరైనా ఏడుస్తూ కనబడితే గరిటె పట్టుకునే వెళ్ళి వాళ్ళ ముక్కు తుడిచి వస్తుంది. ఎవరింట్లో జ్వరమన్నా ముందు వెళ్ళేది ఆవిడే. వెళ్ళి, వచ్చి, మైకులో చెప్పేదీ ఆవిడే.

ఈ అలవాటు ఎలా అంటుకుందో నాకు తెలియాలి కదా. ఒక్క రోజులో చెప్పలేదు. చింతపండు గింజ తీస్తూ, పసుపు కొమ్ములు ఏరుతూ, కొంచెం కొంచెంగా లాగాను. వాళ్ళది పై కొండ మీద ఊరు. మొగుడు కాఫీ తోటలో నీడ చెట్టు కొమ్మలు నరకడానికి ఎక్కి పడిపోయాడు. ఉన్న ఒక్క గుంటడు ధర్మతేజకి అప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ ఏడే వాడికి చలిజ్వరం తలకెక్కితే డోలీ కట్టి మోసుకుంటూ కిందకి దింపారు. ఆసుపత్రిలో తెలిసినవాళ్ళెవరూ లేరు. అప్పటి పాస్టరమ్మగారు ఎవరినో చూడ్డానికి వచ్చి, ఈవిడ పక్కనే కూలబడి, గంజి కాచి తెచ్చి, వాడు కళ్ళు తెరిచేదాకా కదల్లేదట. ఆ రోజు దేముడమ్మ దేవుడికి మాటిచ్చింది. ఇకమీద నాకు జరిగిన మేలు దేనిమీదా మూత పెట్టను, నలుగుర్లో చెప్తాను, అని. అప్పట్నించీ మూత పెట్టలేదు. మా చెవుల మీద పెట్టుకోడానికే మాకు మూతల్లేవు.

ఆ ధర్మతేజ పెద్దవాడై ఇప్పుడు టూరిస్టుల జీపు నడుపుతున్నాడు. సీలేరు ప్రాజెక్టు కాలనీలో పెరిగిన సోనిని చేసుకున్నాడు. సోని మాట తక్కువ పిల్ల. కుట్టుమిషను ముందు కూచుంటే అది ఆడే చప్పుడే గానీ ఆ పిల్ల గొంతు వినబడదు. నేను పది ప్రశ్నలేస్తే ఒకదానికి జవాబిస్తుంది, అదీ నవ్వుతో సరిపెడుతుంది.

కిందటేడు వేసవిలో ఆ పిల్లకి నెల తప్పింది. దేముడమ్మ మైకు పట్టుకుంది. మందిరమంతా చప్పట్లు, హల్లెలూయాలు. సంఘంలో ఆడవాళ్ళంతా జామకాయలూ ఊరగాయలూ పట్టుకుని వచ్చారు. మూడో నెల నిండకుండానే అది పోయింది. జామకాయలు తెచ్చినవాళ్ళే మళ్ళీ వరసగా వచ్చి చాపల మీద కూచున్నారు. ఒకావిడ బరువులెత్తావా అంది. ఇంకొకావిడ విశ్వాసం తక్కువైతే ఇలాగే అవుతుందంది. ఆదివారం మైకులో, కడుపు పోయిన మన చెల్లెలి కోసం ప్రార్థన చేద్దామన్నారు. అన్నవాళ్ళది మంచి మనసే. కానీ మా కొట్లో ఉప్పు కొనుక్కోడానికి వచ్చినవాళ్ళు కూడా ఆగి విన్నారు. సోని చాలా రోజులు వీధి గుమ్మం దాటలేదు.

ఈ ఏడు వానలు పట్టాక మళ్ళీ నెల తప్పింది. ఈసారి సోని అత్తని ఎదురుగా కూచోబెట్టుకుని గట్టిగా చెప్పిందట. అయిదో నెల వచ్చేదాకా ఎవరికీ తెలియకూడదు, నువ్వు మైకు ముట్టుకున్నావంటే నేను సీలేరు మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను, కాన్పయ్యాక కూడా రాను, అని. దేముడమ్మ బైబిలు మీద చెయ్యేసి సరేనంది. ఇదంతా నాకు తరవాత తెలిసింది. గోడకవతల ఇంత జరుగుతుంటే నాకు తెలీకపోవడం ఏమిటో, తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

నాకు తెలిసిందల్లా దేముడమ్మ మైకులో పలకడం మానేసిందని. ఒక ఆదివారం ఊరుకుంది. రెండో ఆదివారమూ ఊరుకుంది. నాకు అన్నం సయించలేదు. ఏమైందే, ఒంట్లో బాగాలేదా, కొడుకు ఏమైనా అన్నాడా అని ఎన్ని విధాల అడిగినా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. బళ్ళో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిందని పిల్లలు చెప్పారు.

ఆ తరవాతి ఆదివారం పాస్టరుగారికీ దిగులేసినట్టుంది. సాక్ష్యాలయ్యాక మెత్తగానే అడిగారు, దేముడమ్మక్కా, ఈ మధ్య మీ నోట స్తోత్రం వినబడటం లేదు, ఇంట్లో ఏమైనా బాధా అని. నేను తక్కెడలో కందులు పోస్తున్నదాన్ని చెయ్యి ఆపాను. కొట్లో బేరానికొచ్చిన కనక కూడా మెడ సాచింది. మైకు చేతులు మారిన చప్పుడు వినబడింది. తరవాత ఆ గొంతు.

"బాదేటీ నేదయ్యా. మేలే. మా ఇంట్లో సానా పెద్ద మేలు జరిగింది. అదేటో సెప్పకూడదు, మాటిచ్చేను. అయిదో నెలొచ్చేక సెప్తాను. అందాకా నన్నెవులూ ఏటీ అడక్కండి. స్తోత్రం."

మందిరంలో ఆడవాళ్ళ వైపు నించి ఒక్కసారే హల్లెలూయా లేచింది.

"అయితే సోనికి మళ్ళీ నెల తప్పిందన్నమాట" అంది కనక, సంచి నోరు తెరిచి పట్టుకుని.

నాకు ఒళ్ళు మండిపోయింది. గోడ పక్కనున్నదాన్ని, ఈ కబురు కనకతో పాటు కందులు తూస్తూ వినాలా.

అంతలో మందిరం గుమ్మంలోంచి సోని వచ్చింది. చెప్పులు కూడా చేత్తోనే పట్టుకుంది. మా కొట్టు ముందు నించే వెళ్ళింది, నా వైపు చూడలేదు. దాని వెనకాల దేముడమ్మ, నేనేటి సెప్పేనే, నేనేటీ సెప్పనేదు కదే అంటూ.

కొట్టు మా ఆయనకి అప్పజెప్పి నేనూ వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? ధర్మతేజ టూరిస్టులని బొర్రా గుహలకి తీసుకెళ్ళాడు, ఇంట్లో మగదిక్కు లేదు. లోపల సోని బట్టలు మడిచి బ్యాగులో పెడుతోంది. పాడేరు బస్సు మధ్యాహ్నానికి ఉంది, అక్కడ్నించి సీలేరు. దేముడమ్మ బైబిలు చంకలో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సూడు సావుకారమ్మా, నువ్వే సెప్పు. పేరు సెప్పేనా? కడుపని సెప్పేనా?"

"అయిదో నెల అన్నావు కదే. ఇంకేం మిగిల్చావు? మొగపిల్లాడో ఆడపిల్లో అదొక్కటేగా" అన్నాను.

ఆవిడకి అప్పటికి వెలిగింది. చీర చెంగు గబుక్కున నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది గానీ సోని మొహం చూసి ఆపుకున్నాను.

సోని మడుస్తున్న చీర ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూచుంది. ఆ పిల్ల అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"పోయినసారి, పోయినదానికన్నా చప్పట్లు కొట్టినవాళ్ళంతా మళ్ళీ వరసగా వచ్చి కూచున్నందుకే ఎక్కువ ఏడ్చాను అత్తా. ఈసారి ఏదైనా అయితే నేనూ ఆయనా ఏడ్చుకుందాం అనుకున్నాను. ఆ మాత్రం కూడా నువ్వు ఉంచలేదు."

దేముడమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. ఇక ప్రార్థన మొదలుపెడుతుందేమో, మధ్యాహ్నం బస్సు కాస్తా పోతుందనుకున్నాను. ప్రార్థన చెయ్యలేదు. నేల చూస్తూ అంది.

"కిందటిసారి నువ్వు నాకు సెప్పింది ఆదివారం పొద్దున్నే. ఆ వేళ నాకు గొంతు పట్టేసింది. మైకు తీసుకోకండా వొచ్చేసేను. వారం పోయేక సెప్పేను. ఆలీసం సేసేను."

"అందుకని పోయిందనుకున్నావా?" అంది సోని.

"మరెందుకు పోయింది?"

ఇన్నేళ్ళూ ఈవిడ మనసు నిండి పొంగి మైకులోకి పడుతోందనుకున్నాను. ఒక్కటి చెప్పడం మరిచిపోతే ఇచ్చినవాడు వెనక్కి తీసుకుంటాడేమోనని హడలిపోతూ చెప్తోందని నాకేం తెలుసు? ఏడాదిపాటు ఆ కడుపు పోయినదాన్ని తన నెత్తిన వేసుకుని, అదే నెత్తిమీద బళ్ళో బియ్యం బస్తాలు కూడా మోసింది. నాకు జాలి వెయ్యాలి. కోపమే వచ్చింది. గంజి కాచి తెప్పించి నీ కొడుకుని నీకిచ్చినవాడు, నీకు గొంతు పట్టేస్తే అలిగి కూచుంటాడటే, అని కేకలేశాను.

సోని లేచి వచ్చి అత్త పక్కన కూచుంది. చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

"నీ వల్ల పోలేదు. డాక్టరమ్మ నీ ముందే చెప్పింది, కొన్ని నిలవవని. నువ్వు వినలేదు, లోపల ప్రార్థన చేసుకుంటున్నావు" అంది. ఆ తరవాత, "నేను ఉంటాను. కానీ ఇంక నా గురించి మైకులో ఒక్క ముక్క కూడా చెప్పకూడదు" అంది.

"మూత పెట్టనని మాటిచ్చేనే అమ్మీ. మరెవులికి సెప్పాల?"

"నాకు చెప్పు. మోస్తున్నది నేనే కదా. ఆయన పక్కనుండి వింటాడు."

అప్పటికే ఆరాధన ముగిసి వీధిలో అలికిడి మొదలైంది. పాస్టరమ్మగారు ముందూ, జామకాయల సంచులు వెనకా. దేముడమ్మ లేచి కళ్ళు తుడుచుకుని గడప మీదకి వెళ్ళింది. గుంటకి ఒంట్లో బాగునేదు, పడుకుంది, ఇప్పుడొద్దమ్మా, అంది. వాళ్ళు పెరట్లోనైనా ప్రార్థన చేసి వెళ్తామన్నారు. మీ ఇళ్ళ కాడ సేసుకోండి, అక్కడ్నించీ ఇనబడతాది, అని తలుపేసేసింది. ఆ తలుపు పగటిపూట మూసి ఉండగా చూడ్డం నాకదే మొదలు. లోపలున్న నన్ను కూడా వెనక గుమ్మంలోంచి పంపేసింది.

ఇప్పుడు తోటల్లో కాఫీ పళ్ళు ఎర్రబడుతున్నాయి. అయిదో నెల వచ్చింది, దాటింది కూడా. సోని కడుపు సంతవీధి ఈ చివర్నించి ఆ చివరికి కనబడుతోంది. సోనియే చెప్పిందట, అత్తా, ఇంక మైకులో చెప్పుకో, నేనేమీ అనుకోను, అని. ఆ ఆదివారం నేను కొట్లో బేరాలు కూడా మానేసి చెవులు రిక్కించుకుని కూచున్నాను. దేముడమ్మ మైకు తీసుకుంది. మిరియాల కాపు బాగుందని చెప్పింది. బళ్ళో కొత్త గిన్నెలిచ్చారని చెప్పింది. కూచుంది. సంతలో ఎవరైనా కోడలి సంగతి అడిగితే, ఆ పిల్ల పక్కనే అంత కడుపేసుకుని నిలబడి ఉండగా, ఏమో నాకేటి తెలుసు అంటుంది.

సాయంత్రాలు సోని తలకి నూనె రాస్తూ దాని చెవి దగ్గర గొణుగుతుంది. ఇవాళ అన్నం తిన్నావు, స్తోత్రం. కాళ్ళు పొంగలేదు, స్తోత్రం. ఈ రెండు ముక్కలూ నేను పెరట్లో బట్టలు తీస్తుంటే చెవిన పడ్డవి. మిగతావి వినబడవు. మధ్యలో ఉన్నది ఒంటి ఇటుక గోడ, అయినా వినబడవు. సోని మధ్యమధ్యలో నవ్వుతుంది, ఎందుకో తెలీదు.

నిన్న మునగాకు ఇచ్చే వంకన వెళ్ళి డాక్టరమ్మ ఏ తారీకు చెప్పిందని అడిగాను. సోనినే అడుగు సావుకారమ్మా అంది అత్త. మా అత్తని అడగండి మామ్మగారూ అంది కోడలు. మునగాకు మాత్రం ఇద్దరూ తీసుకున్నారు.