గుట్ట దిగిన తేటనీరు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, చలి తగ్గుతున్న రోజులు. ఎలమంచిలి ఎగువన మూసేసిన ఒక కంకర క్వారీని తనిఖీ చేసే పని గనుల శాఖ ఇంజనీరుగా నాకు పడింది. తవ్వకం అయిపోయాక నేలను మళ్ళీ నిలబెట్టడాన్ని మా వాడుకలో రీక్లమేషన్ అంటాం. రాయి కోసం పైనుంచి తీసి పోసిన మట్టిగుట్టని ఓవర్‌బర్డెన్ అంటాం. దాని వాలు సరిచేసి మొక్కలు నాటామనీ, చూసి సంతకం పెడితే చాలనీ యాజమాన్యం నుంచి కబురు. విశాఖలో పొద్దున్నే బయల్దేరి వెళ్ళాను.

గుట్ట చూడగానే ముచ్చటేసింది. వెంటనే అనుమానమూ వచ్చింది. అంత నున్నగా దువ్వి పెట్టిన గుట్టని నేను నమ్మను. సరుగుడు మొక్కలు పైనుంచి కిందికి తాడు పట్టి నాటినట్టు నిటారుగా ఉన్నాయి.

"రోడ్డు మీద కారులో ఎల్లేవోళ్ళకి కూడా వరసలు నీటుగా కనబడాలని అలా ఏయించాం మేడమ్," అన్నాడు సైట్ మేనేజరు మురళి, గర్వంగా.

"వాళ్ళ సంగతి సరే. వాననీటికి కూడా తిన్నగా దారి చూపించారు," అన్నాను.

మొక్కల వెంట తవ్విన సాళ్ళన్నీ వానలకు కోసుకుపోయాయి. ఒక కోతలోకి దిగితే నా భుజం దాకా వచ్చింది. గుట్ట చుట్టూ నీటిని పక్కకి మళ్ళించే కాలువ ఉంటుంది, గార్లాండ్ డ్రెయిన్. అది మట్టితో పూడిపోయింది. దిగువనున్న పొలం మీద ఎర్రమట్టి పెచ్చులు కట్టి ఉంది.

ఆ పొలం సన్నిబాబు గారిది. ఆయనకున్నది ఆ ఒక్క చెక్కే. నన్ను చూసి గట్టు మీదికి వచ్చాడు.

"రెండేళ్ళబట్టీ వానొత్తే సాలు, బురద దిగి మడి కప్పేత్తంది మేడమ్. ఈ ఏడు కూడా పోతే పొలం ఒగ్గేసి నాను అచ్యుతాపురం కంపెనీలో వాచ్‌మేన్‌గా ఎల్లిపోవాల. ఓ గోడ కట్టించండి, మీకు దండవెడతాను."

"గోడ వద్దండీ. దాని వెనక బురద నిండి, ఒకరోజు గోడతో సహా మీ పొలంలో పడుతుంది. వాలుకి అడ్డంగా కందకాలు తీయిస్తాను. వాటి అంచున వట్టివేరు గడ్డి వేయిస్తాను."

"గడ్డా!" ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కొండే దిగిపోతంటే గడ్డేటి ఆపుద్దమ్మా?"

ఆరోజు సంతకం పెట్టలేదు. మురళి మొహం మాడ్చుకున్నా పని మాత్రం శ్రద్ధగా చేయించాడు. కందకాలు తీసి, గడ్డి నాటి, డ్రెయిన్ పూడిక తీయించి, ఎండాకాలమంతా ట్యాంకరుతో నీళ్ళు పోయించాడు. మనసులో మాత్రం నాకు బెంగగానే ఉండేది. లెక్క ప్రకారం నా మాట ఒప్పే. తప్పయితే మునిగేది సన్నిబాబు.

ఆ ఏడు వాన బాగా ఆలస్యమైంది. నారు ముదిరిపోతున్నా దమ్ము చెయ్యడానికి చుక్క నీళ్ళు లేవు. చివరికి వాయుగుండం పట్టింది. ఉండబట్టలేక జీపు వేసుకుని వెళ్ళాను. కుండపోతలో సన్నిబాబు పొలం గట్టు మీద గోనెసంచి కప్పుకుని నిలబడి ఉన్నాడు. వెళ్ళి ఆయన పక్కనే నిలబడ్డాను.

పైకందకం నిండింది. అంచున గడ్డి మీదుగా నీళ్ళు పల్చగా జారి రెండో కందకంలోకి దిగాయి. అది నిండాక మూడోది. పెద్ద చప్పుడు లేదు, పరుగు లేదు. గడ్డి వంగుతోంది, మట్టిని తన మొదట్లోనే ఆపుకుంటోంది, నీటిని వదిలేస్తోంది. మనం డైనమైట్లు పెట్టి చీల్చిన కొండ, ఇంత వేరు సాయం అందగానే వానని ఒక్కో మెట్టూ దించుకుంటోంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని డ్రెయిన్లకు డ్రాయింగులు గీశానో! నీరు ఇంత నెమ్మదిగా నడవడం మాత్రం కళ్ళారా చూడటం అదే మొదలు. గుట్ట మొదట్లోకి వచ్చేసరికి అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా ఉంది.

సన్నిబాబు దోసిలితో పట్టి చూశాడు. పారబోసి మళ్ళీ పట్టాడు.

"బురద లేదమ్మా," అన్నాడు.

బురద భయానికి గుట్టవైపు గట్టుకి ఆయన రెండేళ్ళుగా గండి పెట్టలేదట. పార అందుకుని ఆ గట్టునే తెగ్గొట్టాడు. నీళ్ళు మడిలోకి మళ్ళాయి.

"ఏవే, నారు తీయించు! దమ్ము సేసి రేపే ఊడుపులు!" అని గట్టు చివరున్న భార్యని కేకేశాడు.

నా సంతకం ఆ తర్వాతే పడింది. ఇప్పటికీ ఏ క్వారీకి వెళ్ళినా గుట్ట ఎక్కే ముందు దిగువ పొలానికి వెళ్తాను. అక్కడి రైతు పైనుంచి వచ్చే నీటికి గట్టు తెరిచాడంటేనే, గుట్ట బాగుపడిందని రాస్తాను.